కూత లేని పాట

“ఇంకోసారి పెట్టు,” అంది తాయారు.

ప్రీతి చేతిలో ఉన్న ఫోను వంక చూసింది గాని వేలు కదపలేదు. తండ్రి ఉరికి వేలాడిన గది అది. ఆయన ఆఖరి మాటలు అదే గదిలో నిలబడి పొద్దుటి నుంచి వింటూనే ఉంది. ఏడుపు కూడా అయిపోయింది. పెదాలు పగిలి, కళ్లు లోపలికి పోయి, జ్వరంతో లేచిన మనిషిలా ఉంది.

“నా వల్ల కాదక్కా. డాడీ గొంతు ఇంక వినలేను.”

“డాడీ గొంతు వినమని నేను చెప్పలేదే. గొంతు ఎనకాల పాట ఉండాది గదా, అది విను. పెట్టు.”

తాయారు జాలిపడే మనిషి కాదు. ప్రభుత్వ ల్యాబులో నేరస్తుల గొంతులు పోల్చి చెప్పే ఉద్యోగంలో సగం జీవితం గడిపింది. పైవాళ్లు చెప్పమన్న మాట చెప్పనందుకు అక్కణ్నుంచి బయటపడి, వాషర్‌మెన్‌పేట్‌లో చీరల కొట్టు మీద ఒక గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టింది. బెదిరింపులు, చావుకేకలు, పిల్లల్ని ఎత్తుకుపోయినవాళ్ల బేరాలు హెడ్‌ఫోన్లలో విని విని ఆమెలో ఏదో గట్టిపడిపోయింది. ఏడ్చేవాళ్లని ఓదార్చదు. ఏడుపు ఆగేదాకా ఆగి, మళ్లీ ప్రశ్న మొదలుపెడుతుంది.

ప్రీతి వేలు నొక్కింది.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక గిటారు. దాని మీద ముసలి గొంతు, అవసరానికి మించి పెద్దగా. “ప్రీతీ… చెవుల్లో హోరు ఆగటం లేదు మా. ఇంక నేను తట్టుకోలేను. ఎవురి మీదా కోపం లేదు. నువ్వు జాగర్తగా ఉండు.” డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. అక్కడితో మెసేజి అయిపోయింది.

జెబరాజ్ పేరు ఇప్పటి కుర్రాళ్లకు తెలియదు. మద్రాసులో ఇంగ్లీషు రాక్ పాటలు సొంతంగా కట్టుకుని వాయించిన ‘నార్త్ లైన్’ అనే పాతకాలపు బృందంలో ఆయన గిటారిస్టు. వాళ్లు వేసిన ఒకే ఒక్క ఎల్‌పీ రికార్డు ‘కోల్ వాటర్’. రైలు పట్టాల పక్కనున్న హాల్లో, అరువు తెచ్చుకున్న టేపు మిషను మీద దాన్ని రికార్డు చేసిందీ ఆయనే. బృందంలో పాడిన యతిరాజులు తర్వాత వైఆర్ రికార్డ్స్ అని కంపెనీ పెట్టి పెద్దవాడైపోయాడు. ఇప్పుడు ఆ పాత ఎల్‌పీని రీమాస్టర్ చేయించి, అంటే పాత టేపులోని శబ్దాన్ని కంప్యూటర్లో కడిగి మెరుగుపెట్టించి, సీడీగా మళ్లీ తెస్తున్నాడు. శుక్రవారం విడుదల.

పోయిన ఆదివారం పాత అభిమానుల్ని ఒక హాలుకి పిలిచి ఆ సీడీ వినిపించాడు. మంగళవారం సాయంత్రం ప్రీతికి ఈ మెసేజి వచ్చింది. ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చేసరికి తండ్రి ఫ్యాను కొక్కేనికి వేలాడుతున్నాడు. రెండు చెవుల్లోంచీ రక్తం మెడ మీదికి కారి గడ్డకట్టి ఉంది. కుర్చీ కింద సన్నటి స్క్రూడ్రైవర్. ముసలాయనకి చెవుల్లో హోరు జబ్బు ఉండేది నిజమే. ఆ హోరుకి పిచ్చెత్తి చెవులు పొడుచుకున్నాడనీ, ఆ నొప్పి భరించలేక ఉరేసుకున్నాడనీ పోలీసులు ఒక్క రోజులో తేల్చేశారు.

“ఇంకా ఈ పిల్లని ఏడిపిస్తానే ఉండావా తాయారూ?”

గుమ్మంలో శ్రీకుమార్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు పోలీసు శాఖలో పనిచేసి, ఇప్పుడు కంపెనీల కోసం డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాడు. చలువ చొక్కా, అత్తరు వాసన. తాయారు పట్టిన రెండు కేసుల్ని మధ్యలో ఎగరేసుకుపోయిన చరిత్ర అతనిది.

“ఈడ నీకేం పని?” అంది తాయారు తలతిప్పకుండానే.

“వైఆర్ రికార్డ్స్ వాళ్లు నన్ను పెట్టుకున్నారు. నువ్వు మర్డరు మర్డరని ఊరంతా చాటతా ఉంటే వాళ్ల సీడీ ఎవుడు కొంటాడు?”

“ఎప్పుడు పెట్టుకున్నారు?”

“నిన్ననే.” నవ్వాడు. “చూడు, ఈ పిల్లకి కావాల్సింది నిద్ర. నీకు కావాల్సింది కేసు. బోణీ లేకపోతే శవాల కాడ కూర్చోడం నీకు అలవాటే గదా.”

“నువ్వు శవాల కాడికి రావులే. శవాన్ని చేసినోళ్ల కాడికి పోతావు. ఆడైతే బిర్యానీ పెడతారు.”

శ్రీకుమార్ నవ్వు అలాగే ఉంది గాని కళ్లల్లోంచి జారిపోయింది. లోపలికి వచ్చి గ్రామఫోను పక్కన నిలబడ్డాడు. దాని మీద ‘కోల్ వాటర్’ ఎల్‌పీ, ఆఖరి గీత మీద ఆగిపోయిన ముల్లు.

“కళ్లు లేవా నీకు? సొంత పాట పెట్టుకున్నాడు, కూతురికి చెప్పాల్సింది చెప్పినాడు, పొయ్యినాడు. కళాకారులు అట్టనే చస్తారు.”

తాయారు గ్రామఫోను దగ్గరికి నడిచింది. గ్రామఫోను పక్కన ఇటుక బరువున్న పాత ఆంప్లిఫయరు ఉంది. దాని మీది ఇనప జాలీ మూతకి నాలుగు మరలు. చేతి సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి ఒక్కొక్కటే విప్పి, మూత ఎత్తి పక్కన పెట్టింది.

“ఇట్రా. నీ కళ్లతోనే చూడు.”

గాజు వాల్వులు వెలిగితే తప్ప పలకని రకం ఆంప్లిఫయరు అది. వాల్వులు కూర్చునే గుంటలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక గుంట నుంచి ఇంకో గుంటకి సాలెపురుగు గూడు అల్లుకుని ఉంది.

“వాల్వులు యాడ మా?” అని ప్రీతిని అడిగింది.

“మాడిపొయ్యినాయక్కా. కొత్తవి బయట దేశం నుంచి రావాల. డాడీ రోజూ పోస్టుమేన్‌ని అడిగి విసిగించేవాడు.”

“అంటే ఈ గదిలో పాట మోగి చానా దినాలు అయ్యింది,” అంది తాయారు. “రికార్డు పెట్టినోడికి ముల్లు ఆఖర్న పెట్టాలని తెలిసింది. మూత ఎత్తి చూడాలని తెలియలా.”

శ్రీకుమార్ ఆ గుంటల మీది నుంచి చూపు తిప్పుకున్నాడు. “ఫోన్లో పెట్టుకుని ఉంటాడు.”

“డాడీ ఫోన్లో పాట వినడు,” అంది ప్రీతి. “నేను వింటే తిట్టేవాడు. బిందెలో తల పెట్టి వింటా ఉండావా అని.”

“సచ్చేవాడికి ఇంకా ఈ పట్టింపులు ఉంటాయా?”

ఆ మాటకి ప్రీతి మొహం తిప్పుకుంది. తాయారు ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. మెత్తగా కాదు.

“ఆ పాట పేరేంది?”

“షంటింగ్ యార్డ్. రెండో వైపు మొదటి పాట.”

“ఎట్ట మొదలవుతాది? గుర్తు తెచ్చుకుని చెప్పు.”

“ముందు రైలు కూత…” అని ఆగిపోయింది ప్రీతి. “హాలు పక్కన గూడ్సు బండి పోతా కూత ఏసిందంట. అది టేపులో పడిపొయ్యింది. అందరూ తీసెయ్యమన్నారు, డాడీ ఒప్పుకోలా. కూత సన్నగా మొదలై, దాని కింద నుంచి గిటారు వస్తాది. చిన్నప్పుడు నన్ను ఒళ్లో ఏసుకుని, కూత రాంగానే తొడలు ఊపి రైలు బండి ఆడించేవాడు.”

“మెసేజిలో ఉండాదా?”

ఈసారి ఎవరూ చెప్పకుండానే ప్రీతి వేలు నొక్కింది. నిశ్శబ్దం. గిటారు. తండ్రి గొంతు. మళ్లీ మొదటికి తెచ్చింది. నిశ్శబ్దం. గిటారు.

“కూత లేదు,” అంది. “అక్కా, ఈ పాటలో కూత లేదు.”

“ఫోను మైకు చిన్న శబ్దాల్ని మింగేస్తాది,” అన్నాడు శ్రీకుమార్ వెంటనే.

“కూత గిటారు కన్నా పెద్దది. గిటారు పడినప్పుడు కూత పడకుండా యాడికి పోతాది?” తాయారు అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. “కొత్త సీడీ కోసం టేపుని కడిగినోడికి అది చెత్త మాదిరి కనిపించి ఉంటాది. తీసి పారేసినాడు. ఆ సీడీ ఇంకా అంగళ్లకి రాలేదు. ఆదివారం హాల్లో మోగింది పోతే, అది మోగేది ఒక్క చోటే. మీ యజమాని స్టూడియోలో. జెబరాజ్ ఈ మాటలు చెప్పింది ఈడ కాదు, ఆడ.”

శ్రీకుమార్ జేబులోంచి ఫోను తీశాడు. “పిచ్చి మాటలు. పాటని పట్టుకుని ఎవురికీ ఉరెయ్యలేరు తాయారూ,” అంటూ మెట్ల మీదికి వెళ్లిపోయాడు. మెట్లు దిగకముందే ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడటం వినబడింది.

తాయారు సంచి భుజాన వేసుకుంది. వాళ్లు ఆ సీడీని చెరిపేయకముందే తన చెవులతో వినాలి.

“ఇంకోటి ఉండాది,” అంది వెళ్తూ. “ఇప్పుడు చెప్పకపోతే రేపు కోర్టులో వినాల్సొస్తాది. డాడీ ఏందికి అంత గెట్టిగా మాట్లాడినాడో తెలుసా?”

ప్రీతి తల అడ్డంగా ఊపింది.

“తన గొంతు తనకి వినపడనోడు అట్ట మాట్లాడతాడు. నీకు మెసేజి చెప్పేటప్పటికే ఆయన చెవులు పొడిచేసి ఉండారు.”

ప్రీతి గోడకి వీపు ఆనించి, అలాగే కిందికి జారి కూలబడిపోయింది. తాయారు ఆమెని లేపలేదు.

“ఏడువు. అయినంక లేచి స్టేషనుకి పో. ఆంప్లిఫయరు చూపించి, కేసు మళ్లీ తెరిచేదాకా ఆడనే కూర్చో. నేను మాధవరం పోతా ఉండా.”

*

వైఆర్ రికార్డ్స్ స్టూడియో మాధవరం పాల కాలనీ వెనక ఉంది. రిసెప్షనులో ఉన్న అమ్మాయి లేచే లోపే తాయారు లోపలి గది తలుపు తోసుకుని వెళ్లింది. మందపాటి తలుపు, లోపలి వైపు రబ్బరు అంచులు. అది మూసుకోగానే బయటి లోకం తెగిపోయినట్టు చెవులు దిమ్మెక్కాయి.

స్పీకర్ల ముందు, మీటలు నిండిన పెద్ద బల్ల దగ్గర సెల్వం కూర్చుని ఉన్నాడు. సీడీకి శబ్దం సరిచేసిన ఇంజినీరు అతనే. నలభై ఏళ్ల సన్నటి మనిషి, గోళ్లు చిగుళ్ల దాకా కొరికేసుకున్నాడు. బల్ల మీద రకరకాల స్క్రూడ్రైవర్లు ఒక గుడ్డలో వరసగా గుచ్చి ఉన్నాయి. ఆ వరసలో ఒక సందు ఖాళీ.

“ఎవురమ్మా మీరు? ఈడికి రాకూడదు.”

తాయారు, ప్రీతి దగ్గర్నుంచి తీసుకున్న జెబరాజ్ మెసేజిని తన ఫోన్లో పెట్టింది. ప్రీతీ, అన్న మాట వినగానే సెల్వం కుర్చీ వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది.

“ఆపండమ్మా. సామీ, ఆపండి!”

“ముందే విన్నావా దీన్ని?”

“లేదు… లేదమ్మా.”

“మరి ఏందికి వణకతా ఉండావు? సరి. సీడీ పెట్టు. షంటింగ్ యార్డ్.”

“సార్ లేకుండా పెట్టకూడదు.”

“పోలీసులు వస్తా ఉండారు సెల్వం. ముందు నాకు వినిపించినోడు సాక్షి అవుతాడు. తరవాత వాళ్లకి వినిపించినోడు ముద్దాయి అవుతాడు. నీ ఇష్టం.”

సెల్వం మీట నొక్కాడు. పాట మొదలైంది. కూత లేదు. సన్నగా, దూరంగా వినబడాల్సిన గిటారు చెవి పక్కన నిలబడి కేకేసింది. తర్వాత డ్రమ్ములొచ్చాయి. మెల్లగా ఉండాల్సిన చోటా గట్టిగా ఉండాల్సిన చోటా ఒకటే మోత. ఊపిరి తీసుకునే సందు లేదు. డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి తాళాల మోత గాజు పెంకుల్లా పళ్లలోకి దిగింది. అది మోగి మోగి గాలిలో కలిసిపోవాల్సింది పోయి, గొంతు నులిమినట్టు సగంలో తెగిపోయింది.

తాయారు చెవులు మూసుకుంది. “చాలు. ఆపు.” ఆ మోత ఆగినా తల్లో గీసుకుంటూనే ఉంది. “ఇంత పాపం ఎట్ట చేసినావయ్యా? నీకు పని రాదా?”

సెల్వం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత భయంలోనూ ఆ మాట అతనికి నొప్పి పుట్టించింది.

“నేను మొదట చేసింది ఇది కాదమ్మా. జెబరాజ్ సార్ ఇచ్చిన టేపు అమృతం మాదిరి ఉండింది. కూత ఉంచినా. దుమ్ము మాత్రమే దులిపినా. యతిరాజులు సార్ విని, కాదు అన్నాడు. మసకగా ఉండాది, పై శబ్దాలు పెంచు అన్నాడు. పెంచినా. ఇంకా పెంచు అన్నాడు. తాళాలు వినపడలేదంటాడు. నా చెవుల్లో నెత్తురు వస్తా ఉంటే, ఆయనకి వినపడలేదంటాడు. కూత కూడా, ఏం కూత, యాడుండాది కూత అని నా మీదికి వచ్చినాడు. ఉండేది లేదంటే ఏం చేసేది? తీసేసినా.”

తాయారు స్పీకర్ల వంక చూసింది. ల్యాబులో పనిచేసిన రోజుల్లో పదుల మంది చెవుల్ని పరీక్ష చేయించింది ఆమె. వయసుతో ముందు పోయేవి సన్నటి శబ్దాలే. తాళాలు, కీచులు, దూరపు కూతలు. అవి పోయినవాడు ప్రపంచమే మసకబారిందనుకుంటాడు, పెంచమంటాడు, ఇంకా పెంచమంటాడు. ఈ సీడీ ఎవరో చెవిటివాడు తనకి వినబడేదాకా పెంచుకుంటూ పోయిన శబ్దం.

“ఆదివారం హాల్లో ఏం జరిగింది?” అంది నెమ్మదిగా.

“పాట అయినంక జెబరాజ్ సార్ లేచినాడు. ఇది చెవిటోడు చేయించిన పని అన్నాడు. ఆయనకి తెలియదమ్మా, ఊరికే కోపంలో అన్నాడు. హాలంతా నవ్వింది.”

తలుపు తెరుచుకుంది.

ముందు శ్రీకుమార్, వెనక యతిరాజులు. డెబ్బై దాటినా నిటారైన మనిషి, తెల్లటి జుట్టు భుజాల దాకా. పోస్టర్లలో ఉన్నట్టే నల్ల చొక్కా. తాయారుకి నమస్కారం పెట్టి సోఫాలో కూర్చున్నాడు. అతని చూపు ఆమె కళ్ల మీద కాదు, పెదాల మీద ఆగింది.

“శ్రీకుమార్ అంతా చెప్పినాడమ్మా,” అన్నాడు. “జెబరాజ్ నాకు తమ్ముడి మాదిరి. ఒకే తట్టలో తిన్నోళ్లం. నీకు ఏం కావాలన్నా అడుగు.”

తాయారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, దుమ్ముకి దగ్గు వచ్చిన మనిషిలా. ఆ కొంగు వెనక నుంచి, స్పష్టంగా, మామూలు గొంతుతో అంది.

“జెబరాజ్ చెవులు పొడిచి చంపింది నువ్వే గదా?”

యతిరాజులు చిరునవ్వుతో తల ఊపాడు. “అవునమ్మా, అవును. అట్టాంటి గిటారిస్టు మళ్లీ పుట్టడు.”

సెల్వం నోరు తెరుచుకుంది. శ్రీకుమార్ ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయాడు. యతిరాజులు వాళ్ల మొహాల్ని ఒక్కొక్కటే చూశాడు. తాను ఏదో తప్పు చేశానని అర్థమైంది గాని, ఏం చేశాడో తెలియలేదు. ఆ చిరునవ్వు కాసేపు మొహం మీద అనాథలా నిలబడి, మెల్లగా రాలిపోయింది.

“ఏం అడిగినావు నువ్వు?” అన్నాడు.

తాయారు కొంగు తీసింది. “ఎన్నేళ్లయ్యింది వినపడక?”

యతిరాజులు భుజాల మీది జుట్టుని చెవుల మీదికి లాక్కున్నాడు. మాట్లాడినప్పుడు గొంతులో పెద్దరికం పోయింది.

“ముందు పిట్టల అరుపులు పొయ్యినాయి. తరవాత తాళాలు. ఆ తరవాత నా మనవరాలి మాటలు. ఆడాళ్ల గొంతు, పిల్లల గొంతు, అన్నీ గోడవతల మాదిరి. మిషను పెట్టుకోమన్నాడు డాక్టరు. పాట పాడి బతికినోడు చెవిలో మిషను పెట్టుకుని స్టేజీ ఎక్కేదా? పెదాలు చూసి నేర్చుకున్నా. ఎవురికీ తెలియకుండా నెట్టుకొస్తా ఉన్నా. అంతమంది ముందర వాడు లేచి చెవిటోడు అన్నాడు. వాడి పెదాల మీద ఆ మాట చూసినా. నవ్వే నోళ్లు చూసినా.”

“ఆయనకి నీ సంగతి తెలియదు. ఊరికే అన్న మాట అది.”

“తెలుసు.” భుజాలు ఎగరేశాడు. “తరవాత తెలిసింది. ఈడికి పిలిచి అడిగినా. బిత్తరపొయ్యి చూసినాడు. అయ్యో రాజూ, నాకు తెలియదురా, నాతో ముందే చెప్పుంటే నేనే నీకు చెవులుగా ఉండేవాణ్ణి గదా అని ఏడ్చినాడు. నన్ను చూసి జాలి పడినాడమ్మా వాడు. నవ్వుని క్షమిస్తా. జాలిని క్షమించను.”

“అందుకని పొడిచినావు.”

“వాడికీ తెలియాల గదా, ఎట్ట ఉంటాదో. పొడిచినంక మన పాట పెట్టినా. గెట్టిగా పెట్టినా. ఇప్పుడు చెప్పరా, బాగుందా, మసకగా ఉందా అని అడిగినా. వాడు నా పెదాల వంకే చూస్తా ఉన్నాడు. వాడికింకా చదవడం రాదు.” యతిరాజులు నవ్వాడు. “నేర్చుకోడానికి నాకు ఏళ్లు పట్టింది.”

సెల్వం బల్ల మీద తల పెట్టుకుని వెక్కుతున్నాడు. “నేను ముట్టుకోలేదమ్మా. పాట మాత్రమే ఏసినా. ఏం చెప్పాలో కాగితం మీద రాసి చూపించినారు. చెప్పకపోతే కూతురికీ ఇదే గతి అని దాంట్లోనే రాసినారు. ప్రాణం ఉండంగానే కార్లో ఇంటికి తీసుకుపొయ్యినారు, మెసేజి ఆడ పని అయినంక పంపినారు. నేను పట్టుకోలేదు. చేతులు ఎనక్కి ఇరిచి పట్టుకున్నది…”

అతని చూపు తాయారు భుజం మీదుగా వెనక్కి పోయి ఆగింది.

తాయారు తిరిగి చూసింది. శ్రీకుమార్ తలుపు మూసి, గొళ్లెం వేసి, చేతి గడియారం విప్పి జేబులో పెట్టుకుంటున్నాడు.

“నిన్న పెట్టుకున్నారన్నావే,” అంది.

“జీతం నిన్నటి నుంచి,” అన్నాడు శ్రీకుమార్. “మంగళవారం పని స్నేహం కొద్దీ చేసినా. తాయారూ, జెబరాజ్ ఇంట్లోనే నీకు మంచిగా చెప్పి చూసినా. ఆ పిల్లని స్టేషనుకి పంపినావని ఆడి నుంచే నాకు ఫోను వచ్చింది. పోనీ, ఆ స్టేషనులో నాకు తెలిసినోళ్లే ఉండారు. కూర్చోబెట్టి టీ ఇస్తారు. ఈ గది సంగతి నీకు తెలుసు. లోపల ఏం అరిచినా గోడ దాటదు.”

అతను బెల్టు లాగుతూ దగ్గరికి వచ్చాడు. తాయారు వెనక్కి, మీటల బల్ల వైపు జరిగింది. ఆమెకి ఆ బల్లలు కొత్త కాదు. ల్యాబులోనూ అలాంటిదే ఉండేది. స్పీకర్లు సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూసుకోడానికి ఒకటే కీచు స్వరాన్ని పంపే మీట ఒకటి ఉంటుంది వాటికి. వెనక చేత్తో తడిమి దాన్ని పట్టుకుంది. ఇంకో చేత్తో శబ్దం పెంచే పెద్ద మీటని పై చివరి దాకా తోసేసింది.

స్పీకర్లు అరిచాయి. అది శబ్దంలా లేదు. కాల్చిన సూది తలలో ఇటు నుంచి అటు దిగినట్టుంది. శ్రీకుమార్ బెల్టు వదిలేసి చెవులు పట్టుకుని మోకాళ్ల మీద కూలాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు, అరుపు మాత్రం లేదు. సెల్వం బల్ల కిందికి దూరి ముడుచుకుపోయాడు. తాయారు కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అరచేతులు చెవులకి నొక్కుకుని, తూలుతూ, శ్రీకుమార్‌ని దాటుకుని తలుపు వైపు నడిచింది. గొళ్లెం ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది.

ఆ దారికి అడ్డంగా యతిరాజులు లేచి నిలబడ్డాడు.

అతని మొహంలో నొప్పి లేదు. కనుబొమ్మ కూడా కదల్లేదు. కింద పడి గిలగిలలాడుతున్న శ్రీకుమార్‌ని వింతగా చూశాడు, స్పీకర్ల వంక చూశాడు. ఏం జరుగుతోందో అర్థమైనట్టు తల పంకించాడు. తొందర లేకుండా బల్ల దగ్గరికి నడిచి, గుడ్డలో గుచ్చి ఉన్న స్క్రూడ్రైవర్లలోంచి అన్నిటికన్నా సన్నటిదాన్ని ఏరుకున్నాడు. దాని మొనని బొటనవేలి మీద పరీక్షించుకున్నాడు.

తాయారు గొళ్లెం కోసం చెయ్యి చాచింది. చెవి మీది నుంచి చెయ్యి తీయగానే ఆ కీచు మెదడులోకి దూసుకుపోయి కాళ్లు రెండూ ఒకేసారి చచ్చుబడ్డాయి. తలుపు ముందే నేల మీద పడిపోయింది తాయారు. జుట్టులో వేళ్లు దిగి తల వెనక్కి లాగాయి.

యతిరాజులు ఆమె మీదికి వంగి ఏదో అడుగుతున్నాడు. ఆ హోరులో ఒక్క ముక్క వినబడటం లేదు. పెదాలు మాత్రం నెమ్మదిగా, విడమరిచి, చంటిపిల్లకి నేర్పిస్తున్నట్టు కదులుతున్నాయి. తాయారు ఆ పెదాల వంకే చూసింది. రెండోసారికి అర్థమైంది.

“ముందు ఏ చెవి?”